ఇంజిన్ వదిలే ఊపిరి ఎక్కడికి పోవాలి? ఆయిల్ క్యాచ్ క్యాన్ వెనక కథ

టర్బో కారున్న కుర్రాళ్ల ఫోన్లలో ఈమధ్య ఒక రకం రీల్ తెగ తిరుగుతోంది. బానెట్ ఎత్తుతారు, చిన్న నల్ల అల్యూమినియం డబ్బా విప్పుతారు, దాన్ని గ్లాసులోకి వంపుతారు. కాఫీ డికాక్షన్‌లో నూనె కలిపినట్టు ఒక ద్రవం పడుతుంది. "ఇదంతా మీ ఇంజిన్‌లోకే పోయేది" అని కింద రాసి ఉంటుంది. అంతే, చూసినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. పొద్దున్నే డబ్బా ఆర్డర్ పెట్టేస్తాడు.

దాని పేరు ఆయిల్ క్యాచ్ క్యాన్. పెట్టించాలా వద్దా అన్నదానికి ఎపిసోడ్ చివర్లో సూటిగా జవాబు చెప్తాను. కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ మురికి ఇంజిన్‌లోకి ఎందుకు పోతోంది? కారు తయారుచేసిన ఇంజినీర్లకి ఆ మాత్రం తెలీదా?

తెలుసు. తెలిసే, కావాలనే లోపలికి పంపించారు. ఎందుకంటే చట్టం అలా పంపించమంది. ఆ చట్టం వెనక ఒక మహానగరం కార్చిన కన్నీళ్లున్నాయి, పైనాపిల్ వాసన మీద పనిచేస్తున్న ఒక సైంటిస్టు ఉన్నాడు, కార్ల కంపెనీల మీద అమెరికా ప్రభుత్వం వేసిన కేసు ఉంది. ఆ కథ తెలిస్తే డబ్బా సంగతి మీకే అర్థమవుతుంది.

ముందు ఆ పొగ ఏంటో చూద్దాం

ఇంజిన్ సిలిండర్లో పిస్టన్ పైకీ కిందకీ ఆడుతుంది. పిస్టన్ చుట్టూ రింగులుంటాయి. పైన పెట్రోల్ మండినప్పుడు పుట్టే ఒత్తిడి కిందకి జారకుండా ఆపడం ఈ రింగుల పని. కానీ లోహం మీద లోహం జారుతున్నప్పుడు నూటికి నూరు శాతం సీల్ అనేది ఉండదు. కొత్త ఇంజిన్ అయినా సరే, కాస్త గ్యాస్ రింగుల పక్కనుంచి కిందకి, అంటే ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. దీన్నే బ్లో-బై అంటారు.

అందులో ఏముంటాయి? పూర్తిగా మండని పెట్రోల్ ఆవిరి, నీటి ఆవిరి, మండిన గ్యాసులు. కింద క్రాంక్ షాఫ్ట్ నిమిషానికి వేల సార్లు తిరుగుతూ ఉంటుంది. కవ్వంతో మజ్జిగ చిలికినప్పుడు తుంపర్లు లేచినట్టు ఆయిల్ కూడా సన్నటి తుంపరగా లేచి ఈ గ్యాసులో కలుస్తుంది.

ఇప్పుడు దీనికి దారి ఇవ్వకపోతే ఏమవుతుంది? ఇంట్లో ప్రెషర్ కుక్కర్ గుర్తు తెచ్చుకోండి. విజిల్ రంధ్రంలో పప్పు పొట్టు అడ్డం పడితే అమ్మ ఎందుకంత కంగారు పడుతుంది? ఆవిరికి బయటికి పోయే దారి లేకపోతే గాస్కెట్ దగ్గర్నుంచో సేఫ్టీ వాల్వ్ నుంచో తన్నుకుని వస్తుంది. ఇంజిన్ కూడా అంతే. ఒత్తిడి పెరిగితే ఆయిల్ సీళ్లు లీకవుతాయి, ఒక్కోసారి డిప్‌స్టిక్ పైకి లేస్తుంది. ఒకవేళ ఒత్తిడి తట్టుకున్నా, లోపల ఉండిపోయిన నీరూ ఆమ్లాలూ ఆయిల్‌తో కలిసి మడ్డిగా మారతాయి.

కాబట్టి ఇంజిన్ ఊపిరి వదలాల్సిందే. వదిలిన ఊపిరి ఎక్కడికి పోవాలి? ఇవాళ్టి కథంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మొదటి జవాబు: రోడ్డు మీదకి

పాత రోజుల్లో దీనికి జవాబు చాలా సులువు. ఇంజిన్ పక్కనుంచి ఒక గొట్టం తీసి, దాని కొసని కారు కిందకి, రోడ్డు వైపు వదిలేశారు. రోడ్ డ్రాఫ్ట్ ట్యూబ్ అనేవాళ్లు. కారు ముందుకి పోతుంటే కింద గాలి వేగంగా జారుతుంది, ఆ గాలి గొట్టం కొస దగ్గర చిన్న లాగుడు పుట్టిస్తుంది, లోపలి గ్యాస్ బయటికి వచ్చేస్తుంది. వాల్వ్ లేదు, స్ప్రింగ్ లేదు, ఖర్చు లేదు.

లోపాలు రెండు. ఒకటి, కారు ఆగి ఉన్నప్పుడో, ట్రాఫిక్‌లో మెల్లగా పోతున్నప్పుడో లాగుడు ఉండదు. అంటే సిటీలో తిరిగే కారు ఊపిరి సరిగ్గా వదల్లేదు. అందుకే ఆ రోజుల్లో దగ్గర దూరాలు తిరిగే కార్ల ఇంజిన్లలో మడ్డి బాగా చేరేది. రెండోది, బయటికొచ్చిన తుంపర నేరుగా రోడ్డు మీద పడేది. అప్పటి అమెరికా రోడ్ల ఫోటోలు చూస్తే ప్రతి లేన్ మధ్యలో నల్లటి చార కనిపిస్తుంది. టైర్లు నడిచే చోట కాదు, రెండు టైర్ల మధ్యలో. వేల కార్లు బొట్టు బొట్టుగా వదిలిన నూనె అది.

మన దగ్గర పాత బుల్లెట్ నడిపినవాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఇంజిన్‌కి బాతుముక్కు ఆకారంలో చిన్న రబ్బరు బ్రీదర్ ఉండేది. లోపలి గాలిని బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వకపోవడం దాని పని. బండి ఆపిన చోట నూనె మరక పడితే "బుల్లెట్ అన్నాక ఆ మాత్రం ఉంటుంది" అనేవాళ్లు. మరక నేల మీద పడినంతవరకూ ఎవరికీ అది పెద్ద సమస్యగా అనిపించలేదు.

ఈ గొట్టం పద్ధతిని మొదట ఇబ్బంది పెట్టింది కాలుష్యం కాదు, యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ బండ్లు వాగులూ నదులూ దాటాల్సి వచ్చేది. కింద తెరిచి ఉన్న గొట్టం నీళ్లలో మునిగితే ఆ నీళ్లు ఇంజిన్‌లోకి ఎక్కుతాయి. అందుకని క్రాంక్‌కేస్‌ని బయటికి తెరవకుండా, ఇంజిన్ గాలి పీల్చుకునే మానిఫోల్డ్‌కే ఒక వాల్వ్ ద్వారా కలిపారు. విల్లీస్ జీప్‌లో అలాంటి వాల్వ్ ఉండేది. అంటే మందు అప్పటికే తయారుగా ఉంది. యుద్ధం అయిపోయాక మామూలు కార్లకి మాత్రం మళ్లీ ఆ పాత గొట్టమే మిగిలింది. మార్చాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

కళ్లు మండిన ఊరు

1943 జులై 26. లాస్ ఏంజెలెస్ మీద గోధుమ రంగు పొగమంచు కమ్మేసింది. జనం కళ్లు మండిపోయాయి, గొంతులు పట్టేశాయి, మూడు వీధుల అవతల ఏముందో కనిపించలేదు. యుద్ధం రోజులు కదా, జపాన్ విషవాయువు వదిలిందేమోనని కొందరు భయపడ్డారు. తర్వాత ఊళ్లో ఉన్న ఒక కెమికల్ ప్లాంట్‌ని అనుమానించారు. కృత్రిమ రబ్బరుకి కావాల్సిన బ్యూటడైన్ అక్కడ తయారయ్యేది. దాన్ని ఆపి చూశారు. పొగ మాత్రం ఆగలేదు.

అసలు సంగతి పట్టుకున్న మనిషి ఆరీ హాగెన్-స్మిట్. నెదర్లాండ్స్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో పనిచేస్తున్న కెమిస్ట్. పైనాపిల్‌కి ఆ వాసన ఏ పదార్థాల వల్ల వస్తుందా అని పరిశోధన చేస్తున్నాడు. గాల్లోని ఆవిర్లని పట్టి విడదీసి చూడటం ఆయనకి వచ్చిన విద్య. అదే విద్యని లాస్ ఏంజెలెస్ గాలి మీద ప్రయోగించాడు. 1950ల మొదట్లో ఆయన తేల్చింది ఇది: మండని ఇంధనం ఆవిర్లు, అంటే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఎండ తగిలితే ఓజోన్ లాంటి ఘాటైన పదార్థాలు పుడతాయి. కళ్లు మండేది వాటివల్ల. ఆ ఊళ్లో రబ్బరు వస్తువులు త్వరగా పగుళ్లు పట్టేది కూడా ఓజోన్ వల్లే.

ఆ ఆవిర్లు ఎక్కువగా ఎక్కడ్నుంచి వస్తున్నాయి? కార్ల నుంచి. కంపెనీలు ఈ మాటని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. లాస్ ఏంజెలెస్ కౌంటీ ప్రతినిధి కెన్నెత్ హాన్ 1953 నుంచి ఏళ్ల తరబడి డెట్రాయిట్ పెద్దలకి ఉత్తరాలు రాశాడు. కార్ల నుంచి వచ్చే ఆవిర్లు గాల్లో త్వరగానే కలిసిపోతాయని, వాటివల్ల కాలుష్యం సమస్య లేదని మొదట్లో ఫోర్డ్ నుంచి జవాబొచ్చింది.

అందరి చూపూ సైలెన్సర్ మీదే ఉండేది. పొగ వచ్చేది అక్కడ్నుంచే కదా. కానీ 1950ల చివరికి వచ్చేసరికి కొలతలు తీస్తే ఒక విషయం బయటపడింది. కారు వదిలే హైడ్రోకార్బన్లలో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా సైలెన్సర్ నుంచి కాదు, ఇంజిన్ కింద ఎవరూ పట్టించుకోని ఆ చిన్న గొట్టం నుంచి వస్తోంది!

ఇది ఒకరకంగా శుభవార్తే. సైలెన్సర్ పొగని శుభ్రం చేయడం అప్పట్లో చాలా కష్టం, క్యాటలిటిక్ కన్వర్టర్లు ఇంకా రాలేదు. గొట్టం పొగకి మాత్రం మందు జీప్ రోజుల నుంచీ రెడీగా ఉంది.

రెండో జవాబు: తిరిగి ఇంజిన్‌లోకే

ఆ మందు పేరు పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్, పొట్టిగా పీసీవీ. ఐడియా చాలా చిన్నది. బ్లో-బైలో ఉన్నది ఎక్కువగా మండని ఇంధనమే కదా, దాన్ని రోడ్డు మీదకి వదలడం ఎందుకు? ఇంజిన్ ఎలాగూ గాలి పీలుస్తోంది, ఆ పీల్చే గాలిలోనే కలిపేస్తే సిలిండర్లో మండిపోతుంది.

మధ్యలో వేలెడంత వాల్వ్ ఒకటి ఉంటుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉంటే మానిఫోల్డ్‌లో లాగుడు ఎక్కువ, బ్లో-బై తక్కువ. అప్పుడు వాల్వ్ దారిని సన్నం చేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే లాగుడు తగ్గుతుంది, బ్లో-బై పెరుగుతుంది. స్ప్రింగ్ వాల్వ్‌ని జరిపి దారి పెద్దది చేస్తుంది. మానిఫోల్డ్‌లో మంట ఎగదన్నితే వాల్వ్ మూసుకుపోయి, మంట క్రాంక్‌కేస్‌లోకి దిగకుండా ఆపుతుంది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు, అయినా ఇన్ని పనులు.

1961 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో అమ్మే కొత్త కార్లకి ఇది వచ్చింది. 1963 మోడల్ నుంచి అమెరికా అంతటా వచ్చింది. కారుకి కాలుష్యం తగ్గించడం కోసమే పెట్టిన మొట్టమొదటి పరికరం ఇదే. క్యాటలిటిక్ కన్వర్టర్ కంటే పదేళ్లకి పైనే ముందు.

మరి కాలిఫోర్నియాకీ మిగతా దేశానికీ మధ్య ఆ రెండేళ్ల తేడా ఎందుకొచ్చింది? ఇక్కడే కేసు మొదలవుతుంది. 1969 జనవరిలో అమెరికా న్యాయశాఖ జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రిస్లర్, అమెరికన్ మోటార్స్, వాళ్ల సంఘం మీద కోర్టుకెళ్లింది. ఆరోపణ ఏంటంటే, కాలుష్యం తగ్గించే పరికరాల విషయంలో ఒకరితో ఒకరు పోటీ పడకూడదని వీళ్లంతా 1953 నుంచీ కూడబలుక్కున్నారని. అందులో మన వాల్వ్ పేరు కూడా ఉంది. కాలిఫోర్నియా బయట 1962 మోడల్స్‌కే పెట్టగలిగి ఉండీ, 1963 దాకా ఆపుదామని కలిసి నిర్ణయించుకున్నారని ప్రభుత్వం అంది.

కేసు విచారణ దాకా వెళ్లలేదు. అదే ఏడాది రాజీ ఒప్పందంతో ముగిసింది. కంపెనీలు తప్పు ఒప్పుకోలేదు, ఇకమీదట అలా చేయబోమని మాత్రం సంతకం పెట్టాయి. ఇంకోపక్క, కాలిఫోర్నియా గాలిని కాపాడటానికి పుట్టిన ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకి మొదటి చైర్మన్ ఎవరో తెలుసా? ఆ పైనాపిల్ సైంటిస్టే, హాగెన్-స్మిట్.

ఇప్పుడు రీల్ కింద రాసిన ఆ వాక్యం ఇంకోసారి చదవండి. "ఇదంతా మీ ఇంజిన్‌లోకే పోయేది." అవును, ఇంజిన్‌లోకే పోయేది. ఎందుకంటే అంతకుముందు అది జనం ఊపిరితిత్తుల్లోకి పోయేది.

ఇంతకీ డబ్బా ఎక్కడ పుట్టింది?

రేసు ట్రాక్ మీద. రేసులో ఇంజిన్ గంటల తరబడి ఫుల్ రివ్స్‌లో తిరుగుతుంది, మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి ఎగిసిపడుతుంది, బ్రీదర్ గొట్టం నుంచి బయటికి చిమ్ముతుంది. ట్రాక్ మీద నాలుగు చుక్కల ఆయిల్ పడితే వెనక వచ్చేవాడి ప్రాణం మీదకొస్తుంది. అందుకే మోటార్ స్పోర్ట్ రూల్స్‌లో క్యాచ్ ట్యాంక్ తప్పనిసరి అయింది. అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ రూల్ ప్రకారం, బ్రీదర్ బయటికి తెరిచి ఉండే కార్లలో ఇంజిన్ 2000 సీసీ లోపయితే కనీసం 2 లీటర్లు, అంతకు మించితే 3 లీటర్లు పట్టే ట్యాంక్ ఉండాలి. నిండిందో లేదో బయటినుంచే కనిపించేలా కూడా ఉండాలి.

గమనించారా? ఈ డబ్బా పుట్టింది ఇంజిన్‌ని కాపాడటానికి కాదు, వెనక వచ్చే డ్రైవర్‌ని కాపాడటానికి.

ట్రాక్ నుంచి వీధిలోకి దీన్ని తెచ్చింది ట్యూనింగ్ చేసేవాళ్లు, ముఖ్యంగా జపాన్ వాళ్లు. 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లో ఆర్‌బీ26 అనే ట్విన్ టర్బో ఇంజిన్ ఉండేది. పవర్ పెంచి ట్రాక్ మీద తిప్పితే బ్రీదర్ల నుంచి ఆయిల్ తోసేస్తుందని దానికి పేరు. దాంతో క్యాచ్ ట్యాంక్ ఆ కార్లకి మామూలు సామాను అయిపోయింది. తర్వాత వీడియో గేములూ సినిమాలూ ఆ సంస్కృతిని ప్రపంచమంతా తిప్పాయి. బానెట్ కింద మెరిసే డబ్బా ఉంటే అది సీరియస్ కారు అనే లెక్క మొదలైంది.

టర్బో వచ్చాక తిరగబడిన లెక్క

టర్బో ఆలోచన పాతదే. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. షోరూమ్‌లో కొనుక్కునే కారులోకి అది వచ్చింది మాత్రం 1962లో. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వెయిర్ మోంజా స్పైడర్, రెండూ ఆ ఏడాదివే. తర్వాత 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో, 1970ల మధ్యలో పోర్షే 911 టర్బో, 1978లో సాబ్ 99 టర్బో. ఫార్ములా వన్‌లోకి 1977లో రెనో తెచ్చింది. ఇంజిన్ పేలినప్పుడల్లా తెల్లటి పొగ కక్కేది కాబట్టి ఆ పసుపు రంగు కారుకి "పసుపు టీ కెటిల్" అని పేరు పెట్టి నవ్వారు. 1979లో ఫ్రాన్స్ గ్రాండ్ ప్రీ గెలిచేసరికి ఆ నవ్వులు ఆగాయి.

పీసీవీకి టర్బోతో వచ్చిన చిక్కు ఏంటి? పీసీవీ మొత్తం ఆధారపడేది మానిఫోల్డ్‌లో ఉండే లాగుడు మీద. టర్బో బూస్ట్ ఇస్తున్నప్పుడు అక్కడ లాగుడు ఉండదు, తోపుడు ఉంటుంది. వాల్వ్ తెరిచి ఉంటే బూస్ట్ గాలి తిరగబడి క్రాంక్‌కేస్‌లోకి దూరుతుంది. అందుకని ఆ దారిలో వన్-వే చెక్ వాల్వ్ పెట్టారు, బూస్ట్ రాగానే అది మూసుకుంటుంది. మరి అప్పుడు పొగ ఎటు పోవాలి? సరిగ్గా అప్పుడే కదా సిలిండర్లో ఒత్తిడి పెరిగి బ్లో-బై ఎక్కువయ్యేది! అందుకే రెండో దారి ఒకటి ఇచ్చారు. టర్బో గాలి పీల్చే ముందువైపు పైపులోకి. అక్కడ ఎప్పుడూ కాస్త లాగుడు ఉంటుంది.

అలా వెళ్లిన ఆయిల్ తుంపర టర్బో కంప్రెసర్‌ని దాటి, ఇంటర్‌కూలర్‌లోకి వెళ్లి, చల్లబడి గోడలకి అంటుకుంటుంది. అంటుకున్న జిడ్డు ఇంటర్‌కూలర్ చల్లబరిచే శక్తిని తగ్గిస్తుంది. సిలిండర్లోకి వెళ్లిన ఆయిల్ పెట్రోల్‌కి ఉన్న నాక్ తట్టుకునే గుణాన్ని తగ్గిస్తుంది. ఎక్కువ బూస్ట్‌తో నడిచే ఇంజిన్‌కి అది మంచిది కాదు.

సాబ్ 9-5 కారు కథ దీనికి పెద్ద పాఠం. 2000 సంవత్సరం చుట్టుపక్కల వచ్చిన ఈ టర్బో కార్లలో ఆయిల్ మడ్డిగా మారి, ఆయిల్ పీల్చే జాలీ మూసుకుపోయి, ఇంజిన్లు పోయాయి. కంపెనీ క్రాంక్‌కేస్ వెంటిలేషన్ భాగాలని మార్చాల్సి వచ్చింది, ఇంజిన్ వారంటీని ఎనిమిదేళ్లకి పెంచాల్సి వచ్చింది. ఊపిరి దారి సరిగ్గా లేకపోతే ఎంత నష్టమో అప్పుడు కళ్లకి కట్టింది.

వాల్వులు కడిగే పెట్రోల్ మాయమైంది

ఆయిల్ తుంపర లోపలికి పోతున్నా పాత ఇంజిన్లు ఎందుకు పెద్దగా బాధపడలేదు? ఎందుకంటే పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వ్ వెనక స్ప్రే అయ్యేది. పెట్రోల్ మంచి సాల్వెంట్. చేతికి గ్రీజు అంటితే మెకానిక్కులు పెట్రోల్‌తోనే కడుక్కుంటారు చూడండి. అలా ప్రతి స్ప్రేకీ వాల్వ్ కడిగినట్టు అయ్యేది.

1996లో మిత్సుబిషి జీడీఐ పేరుతో గెలాంట్‌లో డైరెక్ట్ ఇంజెక్షన్ తెచ్చింది. ఆ తర్వాత ఫోక్స్‌వ్యాగన్ గ్రూపూ మిగతావాళ్లూ అందుకున్నారు. ఇందులో పెట్రోల్ నేరుగా సిలిండర్లోకే వెళ్తుంది. మైలేజీ బాగుంటుంది, టర్బోతో జోడీ బాగా కుదురుతుంది. కానీ వాల్వ్ వెనక కడిగేవాళ్లు ఎవరూ లేరు. ఆయిల్ తుంపర వచ్చి వేడి వాల్వ్ మీద పడి, మాడి, పెంకు కడుతుంది. పెనం అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి మసి గుర్తుందా, అచ్చం అలాగే. దాన్ని గీకడానికి వాల్‌నట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టే పద్ధతి కూడా వచ్చింది. టయోటా అయితే ఇంకో దారి పట్టింది. డీ-4ఎస్ పేరుతో సిలిండర్లో ఒక ఇంజెక్టర్, వాల్వ్ ముందు ఇంకో ఇంజెక్టర్ పెట్టింది.

అలా రేసు ట్రాక్ డబ్బాకి ఇంటి కారులో కూడా పని దొరికింది. ఆస్ట్రేలియాలో ల్యాండ్ క్రూయిజర్, హైలక్స్ లాంటి డీజిల్ బండ్లకి ఇది ఇంకా పెద్ద అలవాటు. డీజిల్‌లో సైలెన్సర్ వైపు మసి కొంత తిరిగి లోపలికి వస్తుంది, దానికి ఆయిల్ తుంపర తోడైతే ఇన్‌టేక్‌లో తారు లాంటి పదార్థం తయారవుతుంది.

మరి నా కారుకి పెట్టించాలా?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2013లో పోలో జీటీ టీఎస్ఐ వచ్చినప్పుడు మన దగ్గర చిన్న టర్బో పెట్రోల్ కారు ఒక వింత. ఇప్పుడు నెక్సాన్, వెన్యూ, సోనెట్, ఫ్రాంక్స్, స్లావియా, ఇలా మధ్యతరగతి ఇంటి ముందు నిలబడ్డ కారులో కూడా టర్బో ఉంది. కాబట్టి ప్రశ్న చాలామందిదే.

డబ్బా లోపల మహత్యం ఏమీ లేదు. అపార్ట్‌మెంట్ వంటింట్లో చిమ్నీ చూసే ఉంటారు. పోపు పొగ పైకి పోతుంటే మధ్యలో వంకర పలకలకి కొట్టుకుని, నూనె కింద చిన్న కప్పులోకి దిగుతుంది. క్యాచ్ క్యాన్ కూడా అదే. గ్యాస్ లోపలికొచ్చి, అడ్డు పలకలకీ స్టీల్ జాలీకీ తగిలి, చల్లబడి, నూనె కిందికి దిగుతుంది, మిగతా గ్యాస్ రెండో పైపులోంచి ఇంజిన్‌కి పోతుంది.

పెట్టించే ముందు నాలుగు విషయాలు చూసుకోండి.

మొదటిది, మీ ఇంజిన్ ఏ రకం? టర్బో ఉన్న ప్రతి కారూ డైరెక్ట్ ఇంజెక్షన్ కాదు. నెక్సాన్ రెవోట్రాన్ పెట్రోల్ టర్బోనే, కానీ పెట్రోల్ వాల్వ్ ముందే స్ప్రే అవుతుంది. వాల్వ్ మసి భయంతోనే కొంటుంటే, అలాంటి ఇంజిన్‌కి ఆ భయం చాలా తక్కువ. పైగా ఇప్పటి ఇంజిన్లలో చాలావాటికి వాల్వ్ కవర్ లోపలే ఆయిల్‌ని వేరుచేసే ఏర్పాటు ఉంటుంది.

రెండోది, లోపల జాలీ లేని ఖాళీ డబ్బా కొనొద్దు. మెరుపు తప్ప పని ఉండదు. పైపులు ఆయిల్ తట్టుకునే రకం కావాలి. మామూలు రబ్బరు గొట్టం కొన్నాళ్లకే ఉబ్బి, మెత్తబడి, లాగుడికి అతుక్కుపోతుంది. ఊపిరి ఆగిపోతుంది. మీరు కాపాడదామనుకున్న ఇంజిన్‌కి కుక్కర్ విజిల్ మీరే మూసినట్టు. చెక్ వాల్వ్ ఎటువైపు ఉందో తెలీకుండా పైపు కోసే మెకానిక్ చేతిలో అసలు పెట్టొద్దు.

మూడోది, డబ్బా పెట్టడంతో పని అయిపోదు, మొదలవుతుంది. మొదట్లో ప్రతి వెయ్యి కిలోమీటర్లకీ విప్పి చూసి, ఎంత చేరుతోందో అంచనా వేసుకోవాలి. చలికాలంలో నీరు ఎక్కువ చేరుతుంది. లంబసింగి చలిలో పది నిమిషాలు తిరిగే కారుకీ, మే నెలలో విజయవాడ హైవే మీద పోయే కారుకీ ఒకే లెక్క కుదరదు. నిండిన డబ్బా ఖాళీ డబ్బా కంటే ప్రమాదం. చేరిన ఆయిల్ ఒక్కసారిగా ఇంజిన్ లాగేసుకుంటుంది. డీజిల్ ఇంజిన్ అయితే ఆ ఆయిల్‌నే ఇంధనంగా వాడుకుని, తాళం తీసేసినా ఆగకుండా రేసవుతుంది.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. రెండు రకాల డబ్బాలు దొరుకుతాయి. ఒకటి గ్యాస్‌ని తిరిగి ఇంజిన్‌కి పంపేది. రెండోది పైన చిన్న ఫిల్టర్ పెట్టి గ్యాస్‌ని బయటికి వదిలేసేది. ఈ రెండోది చూడటానికి రేసు కారులా ఉంటుంది, బిగించడం సులువు. కానీ రోడ్డు కారుకి అది వద్దు. మన బీఎస్-6 పరీక్షల్లో క్రాంక్‌కేస్ గ్యాస్ బయటికి పోకూడదని విడిగా ఒక టెస్టే ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు గొట్టం సైలెన్సర్‌లోనే పెడతారు కాబట్టి మీరు దొరకరు. నిజమే. కానీ మీరు చేసింది, బానెట్ కింద 1961 ముందరి రోడ్ డ్రాఫ్ట్ ట్యూబ్‌ని మళ్లీ కట్టుకోవడం. సిగ్నల్ దగ్గర ఏసీ గాలి పీల్చుకునేది మీరే, వెనక సీట్లో మీ పిల్లలే, పక్కన స్కూటర్ మీద ఇంకొకరు.

ఇక సూటి జవాబు. కారు వారంటీలో ఉంటే, రోజూ ఆఫీసుకి వెళ్లి వచ్చే కారయితే, ఆ డబ్బుతో మంచి ఆయిల్ టైముకి మార్పించండి, పీసీవీ వాల్వ్ చూపించండి, వారానికోసారి హైవే మీద ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపండి. పైపు కోసిన కారుకి వారంటీ అడిగితే సర్వీస్ సెంటర్‌తో గొడవ మీకే. వారంటీ అయిపోయిన డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో అయితే, లేదా ట్యూనింగ్ చేయించి గట్టిగా నడిపేవాళ్లయితే, గ్యాస్‌ని తిరిగి లోపలికి పంపే మంచి డబ్బా పెట్టించడంలో అర్థం ఉంది. దాన్ని టైముకి ఖాళీ చేసే ఓపిక ఉంటేనే సుమా.

ఖాళీ చేసిన ద్రవం ఏం చేస్తారు? చాలామంది ఇంటి ముందు కాలవలో పోసేస్తారు. అందులో ఆయిల్, పెట్రోల్, ఆమ్లాలు కలిసి ఉంటాయి. వాడిన ఆయిల్ మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందకి వస్తుంది. ఒక పాత ఆయిల్ డబ్బాలో పోసి ఉంచండి, సర్వీసుకి వెళ్లినప్పుడు వాడిన ఆయిల్ పోసే డ్రమ్ములో కలిపించండి.

చూడండి, ఇంజిన్ ఊపిరి మొదట రోడ్డు మీదకి పోయింది, తర్వాత గాల్లోకి పోతోందని తెలిసింది, తర్వాత ఇంజిన్‌లోకి మళ్లించారు, ఇప్పుడు కొంత మీ చేతిలో ఉన్న డబ్బాలో చేరింది. మురికి ఎక్కడికీ మాయం కాలేదు, చోటు మారిందంతే. ఇన్నాళ్లూ దాని బాధ్యత కంపెనీదో ప్రభుత్వానిదో. డబ్బా బిగించిన రోజు నుంచి మాత్రం అది మీది.

వచ్చే ఎపిసోడ్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ కథ చెప్పుకుందాం. అందులో ప్లాటినం ఎందుకుంటుంది, దొంగలు దాన్నే ఎందుకు కోసుకెళ్తారు, అన్నీ చూద్దాం.